సంపూర్ణ సూర్యగ్రహణానికి నేషనల్ పార్క్ మంచి చోటేనా?

2017 ఆగస్టు 21న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు వయోమింగ్ రాష్ట్రంలోని గ్రాండ్ టీటన్ నేషనల్ పార్క్‌లో మధ్యాహ్నం కాకముందే చీకటి కమ్మింది. అది సుమారు 2 నిమిషాల 20 సెకన్లు నిలిచింది. దానికి ఉత్తరాన కొద్ది దూరంలోనే యెల్లోస్టోన్ నేషనల్ పార్క్ ఉంది. అక్కడ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ దగ్గర నిలబడినవాళ్ళకు సూర్యుడు 98 శాతానికి పైగా మూసుకుపోయాడు. వెలుతురు తగ్గింది, గాలి చల్లబడింది, అంతే. నక్షత్రాలు లేవు, సూర్యుడి చుట్టూ తెల్లటి వెలుగులా కనిపించే కరోనా లేదు, చీకటీ లేదు.

గ్రహణం కోసం పార్కుకు వెళ్దామనుకునేవాళ్ళు మొదట తేల్చుకోవాల్సిన విషయం ఇదే. 98 శాతానికీ 100 శాతానికీ మధ్య తేడా రెండు శాతం కాదు. నిండు పౌర్ణమి చంద్రుడికంటే సూర్యుడు దాదాపు నాలుగు లక్షల రెట్లు ప్రకాశవంతం. సంపూర్ణ గ్రహణ సమయంలో సూర్యుడి చుట్టూ తెల్లగా కనిపించే కరోనా వెలుగు ఇంచుమించు పౌర్ణమి వెన్నెలంత. సూర్యబింబంలో ఒక్క శాతం మిగిలినా అది కరోనాకంటే వేల రెట్లు ఎక్కువ వెలుగు. ఆ వెలుగులో కరోనా కనిపించే ప్రశ్నే లేదు. మన కళ్ళు వెలుతురు తగ్గుదలకు ఎంత బాగా సర్దుకుంటాయంటే, 90 శాతం మూసుకున్నా ఆకాశం వైపు చూడనివాడికి గ్రహణం సంగతే తెలియకపోవచ్చు.

తేనెటీగలకు కూడా ఈ తేడా తెలుసు. 2017లో పరిశోధకులు బడిపిల్లల సాయంతో ఒరెగన్, ఐడహో, మిస్సోరి రాష్ట్రాల్లో పూలమొక్కల మధ్య చిన్న మైకులు పెట్టారు. పాక్షిక దశ సాగినంతసేపూ తేనెటీగలు ఎప్పటిలాగే ఝుమ్మంటూ తిరిగాయి. సంపూర్ణ దశ మొదలవగానే ఆ రొద దాదాపుగా ఆగిపోయింది. వెలుతురు తిరిగి రాగానే మళ్ళీ మొదలైంది.

కాబట్టి పార్కు ఎంత గొప్పదైనా సంపూర్ణ పథం బయట ఉంటే దాన్ని జాబితాలోంచి కొట్టేయాలి. భూమ్మీద చంద్రుడి నిండు నీడ పడి సాగిపోయే పట్టీనే సంపూర్ణ పథం అంటారు. 2017లో ఆ పట్టీ వెడల్పు సుమారు 115 కిలోమీటర్లు. 2024 ఏప్రిల్ 8 గ్రహణానికి చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్నాడు, అందుకని పట్టీ వెడల్పు కొన్నిచోట్ల 200 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. చీకటి కూడా ఎక్కువసేపు నిలిచింది. 2017లో అత్యధికం 2 నిమిషాల 40 సెకన్ల చిల్లర అయితే 2024లో మెక్సికోలో అది 4 నిమిషాల 28 సెకన్లు.

పట్టీ చాలా సన్నది కనుక ఒకే పార్కులో సగం లోపల, సగం బయట ఉండటం మామూలే. టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కుకు 2017లో ఇదే జరిగింది. పశ్చిమ సగం పథంలో పడింది, తూర్పున చాలా భాగం పడలేదు. "మేం స్మోకీస్‌కు వెళ్ళాం" అంటే సరిపోదు, స్మోకీస్‌లో ఎక్కడ నిలబడ్డారన్నదే లెక్క.

మధ్యరేఖ మీద మోజు

పథం లోపలికి వచ్చాక జనం చేసే తర్వాతి పని మధ్యరేఖ వెతుక్కోవడం. పట్టీకి సరిగ్గా నడుమ గీసే గీత మీద చీకటి అన్నిటికంటే ఎక్కువసేపు ఉంటుంది, నిజమే. కానీ మధ్యరేఖ నుంచి పక్కకు జరిగితే ఎంత నష్టమో లెక్క వేసినవాళ్ళు తక్కువ. నీడ దాదాపు గుండ్రంగా ఉంటుంది. అది మన మీదుగా వెళ్తున్నప్పుడు ఆ వృత్తాన్ని మనం ఎక్కడ అడ్డంగా కోస్తున్నామన్నదే మనకు దక్కే సమయం. మధ్యరేఖకూ అంచుకూ సగం దూరంలో నిలబడితే పోయేది 13 శాతమే. అంటే రెండున్నర నిమిషాల గ్రహణంలో ఇరవై సెకన్లు. అంచు వైపు 80 శాతం దూరం వెళ్తే 40 శాతం పోతుంది. ఆ తర్వాత మాత్రం గబగబా కరిగిపోతుంది.

దీని అర్థం ఏమిటంటే, పట్టీ నడిమి సగంలో ఎక్కడున్నా సమయం గురించి టెన్షన్ పడనక్కర్లేదు. మధ్యరేఖ మీద పార్కింగ్ దొరకని మలుపు దగ్గర ఇరుక్కోవడంకంటే, పదిహేను కిలోమీటర్లు పక్కన ఆకాశం విశాలంగా కనిపించే మైదానంలో ఉండటమే మేలు. స్మోకీస్‌లోని ఎత్తయిన శిఖరం కువోహి పథం అంచుకు దగ్గరగా ఉంది. 2017లో దాని పేరు క్లింగ్మన్స్ డోమ్, 2024లో చెరొకీ ప్రజల పాత పేరు తిరిగి పెట్టారు. అక్కడ చీకటి సుమారు 1 నిమిషం 20 సెకన్లే. అయినా 2,025 మీటర్ల ఎత్తు నుంచి నీడ కొండల మీదుగా రావడం చూడాలనుకున్నవాళ్ళకు అది తెలిసి చేసుకున్న ఒప్పందం.

పార్కు ఇచ్చేది ఏమిటి?

పార్కుల్లో రాత్రి ఆకాశం నల్లగా ఉంటుంది, పట్టణాల దీపాల వెలుతురు ఉండదు, అందుకే గ్రహణం అక్కడ బాగుంటుంది అని చాలామంది అనుకుంటారు. పాలపుంత చూడటానికి ఆ మాట నిజం. గ్రహణానికి వర్తించదు. సంపూర్ణ దశలో ఆకాశం నడిరాత్రిలా మారదు, సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ఉండే మసక వెలుతురులా ఉంటుంది. ఎందుకంటే నీడ బయట వంద కిలోమీటర్ల లోపే పూర్తి పగలు ఉంటుంది, ఆ వెలుగు గాలిలో చెదిరి లోపలికి వస్తుంది. కనిపించేవి శుక్రుడు, గురుడు, మహా అయితే కొన్ని ప్రకాశవంతమైన నక్షత్రాలు. ఇందుకోసం ప్రత్యేకంగా చీకటి ఆకాశం వెతుక్కోనక్కర్లేదు. 2024లో క్లీవ్‌లాండ్ లాంటి మహానగరం నడిబొడ్డున కూడా కరోనా అంతే స్పష్టంగా కనిపించింది. కాకపోతే అక్కడ వీధి దీపాలు వాటంతట అవే వెలిగి చిరాకు పెట్టగలవు.

పార్కు నిజంగా ఇచ్చేది దిగంతం. కరోనా ఎక్కడి నుంచి చూసినా ఒకటే, కానీ నీడను చూడాలంటే దూరం కనిపించాలి. 2017లో నీడ ఒరెగన్ తీరంలో గంటకు సుమారు 3,800 కిలోమీటర్ల వేగంతో నేల మీదికి వచ్చి, సౌత్ కరోలినాకు చేరేసరికి 2,400కు తగ్గింది. టీటన్ ప్రాంతంలో అది సెకనుకు ముప్పావు కిలోమీటరు పైమాటే. లోయలో నిలబడి పడమటి వైపు చూస్తే ముందు శిఖరాలు నల్లబడతాయి, పది పన్నెండు సెకన్ల తర్వాత చీకటి మన మీదికి వస్తుంది. చుట్టూ అన్ని దిక్కుల్లోనూ దిగంతం వెంట నారింజ రంగు వెలుగు వలయంలా కనిపిస్తుంది. ఎత్తయిన భవనాల మధ్య ఉన్నవాళ్ళు ఈ రెండూ పోగొట్టుకుంటారు.

రెండోది నిశ్శబ్దం, దానితోపాటు జంతువులు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. గ్రహణ సమయంలో జంతువుల ప్రవర్తన గురించిన కథల్లో చాలావరకు ఎవరో ఒకరు ఒకసారి చూసినవి. క్రమపద్ధతిలో చూసిన అధ్యయనాల్లో ఒకటి 2017లో సౌత్ కరోలినాలోని రివర్‌బ్యాంక్స్ జూలో జరిగింది. ఆ జూ ఉన్న కొలంబియా నగరానికి దగ్గర్లోనే కాంగరీ నేషనల్ పార్క్ కూడా పథంలో ఉంది. గమనించిన 17 జాతుల్లో దాదాపు ముప్పాతిక వంతు ఏదో ఒక రకంగా స్పందించాయి. ఎక్కువ జంతువులు సాయంత్రమైందనుకుని రాత్రి బసకు వెళ్ళే పనులు మొదలుపెట్టాయి. జిరాఫీలు, బబూన్‌లు లాంటివి కొన్ని కంగారుపడి పరుగెత్తాయి. అడవిలో దున్నలూ ఎలుగుబంట్లూ ఇలాగే చేస్తాయని దీన్ని బట్టి చెప్పలేం. కీచురాళ్ళు కూయడం, పక్షులు గూటికి చేరడం మాత్రం చాలాచోట్ల, చాలా గ్రహణాల్లో నమోదైన సంగతి. వాటిని వినడానికి పార్కుకు మించిన చోటు లేదు, పక్కన మూడు వందల మంది కేకలు వేయకుండా ఉంటే.

సూర్యుడు ఏ దిక్కున ఉంటాడు?

గ్రాండ్ టీటన్ అనగానే అందరి ఊహలోకీ వచ్చిన బొమ్మ ఒకటే: కోసుగా నిలబడిన శిఖరాలు, వాటి పైన నల్లటి సూర్యుడు. పార్కు లోయ నుంచి ఆ బొమ్మ అసాధ్యం. శిఖరాలు లోయకు పడమరన ఉన్నాయి. గ్రహణం పట్టింది ఉదయం పదకొండున్నర దాటాక. సూర్యుడు ఆగ్నేయంలో, దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. అంటే శిఖరాల వైపు తిరిగినవాడి వీపు వెనక గ్రహణం. శిఖరాలూ కరోనా ఒకే ఫొటోలో కావాలంటే కొండలకు అవతలి వైపు, పడమటి వాలు మీద ఉండాలి.

ఈ చిన్న లెక్క కొన్ని గ్రహణాల్లో మొత్తం ప్రయాణాన్నే తేల్చేస్తుంది. 2026 ఆగస్టు 12 నాటి గ్రహణ పథం తూర్పు గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ మీదుగా స్పెయిన్‌కు వస్తుంది. ఐస్‌లాండ్ పడమటి కొసలోని స్నైఫెల్స్‌యోకుల్ నేషనల్ పార్క్‌లో సూర్యుడు ఇరవై డిగ్రీల పైన ఉంటాడు, చీకటి రెండు నిమిషాల పైచిలుకు, సముద్రం మీదికి చూపు అడ్డులేకుండా పోతుంది. స్పెయిన్ ఉత్తరాన ఉన్న పీకోస్ దె యూరోపా నేషనల్ పార్క్ కూడా పథంలోనే ఉంది. కానీ అక్కడ సూర్యుడు అస్తమయానికి దగ్గరగా, పది డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటాడు. చుట్టూ 2,600 మీటర్ల దాకా లేచే సున్నపురాయి గోడలు. లోతైన లోయలో గుడారం వేసుకున్నవాడికి గ్రహణం కొండ వెనక జరిగిపోతుంది. పడమటి వైపు తెరిచి ఉన్న గట్టు మీద ఉన్నవాడికి అదే జీవితంలో చూసిన గొప్ప దృశ్యం కావచ్చు. పార్కు పేరు ఒకటే. మధ్యలో ఒక కొండ అడ్డం, అంతే తేడా.

మేఘాలూ, ఒకే రోడ్డూ

వాతావరణం గురించి రెండు మాటలు చెప్పి అసలు చిక్కులోకి వెళ్తాను. గత ఏళ్ళ సగటు మేఘావరణ పటాలు చూసి చోటు ఎంచుకోవడం మంచి పద్ధతే, కానీ అవి హామీ పత్రాలు కావు. 2024లో ఆ పటాల ప్రకారం టెక్సస్ ఉత్తమం, వెర్మాంట్, మెయిన్ అధమం. ఆ రోజు టెక్సస్‌లో చాలాచోట్ల మబ్బు పట్టింది, వెర్మాంట్, మెయిన్‌లలో ఆకాశం నిర్మలంగా ఉంది. కొండ ప్రాంతాల్లో వేసవి మధ్యాహ్నాలు మేఘాలు పేరుకోవడం సహజం కాబట్టి, అక్కడ ఉదయం పూట పట్టే గ్రహణానికి మధ్యాహ్నపు గ్రహణంకంటే అవకాశాలు మెరుగు. గ్రహణం వల్ల నేల చల్లబడి చిన్న మేఘాలు కరిగిపోవడమూ ఉంది, కానీ దట్టమైన మబ్బులకు ఆ అదృష్టం ఉండదు. వేసవిలో పొగ మరో బెడద. 2017లో ఒరెగన్‌లో మౌంట్ జెఫర్సన్ దగ్గర వైట్‌వాటర్ కార్చిచ్చు వల్ల సరిగ్గా పథంలో ఉన్న అడవి భాగాల్ని మూసేశారు.

అనుభవజ్ఞులు గ్రహణానికి ముందు రాత్రి ఉపగ్రహ చిత్రాలు చూసి, తెల్లవారుజామున లేచి రెండు వందల కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వెళ్ళిపోతారు. పెద్ద పార్కులో దిగినవాళ్ళకు ఆ వీలు ఉండదు. కొండల మధ్య ఒకటి రెండు రోడ్లు, లెక్కపెట్టినన్ని పార్కింగ్ స్థలాలు, గేటు దగ్గర బారులు. లోపలికి వెళ్ళడానికి జనం నాలుగైదు రోజుల పాటు విడివిడిగా వస్తారు. బయటికి మాత్రం సినిమా వదిలినట్టు అందరూ ఒకేసారి బయల్దేరతారు. మామూలు వేసవి రద్దీకి సరిపోయేలా వేసిన రోడ్డు ఆ ఒక్క గంటను తట్టుకోలేదు. ఇది చిరాకుతో ఆగే సమస్య కూడా కాదు. 2017 గ్రహణం చుట్టూ ఉన్న మూడు రోజుల్లో అమెరికా మొత్తమ్మీద ప్రాణాంతక రోడ్డు ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్ళ సంఖ్య మామూలుకంటే సుమారు 31 శాతం పెరిగిందని తర్వాత ఒక వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది.

అందుకే పార్కును ఎంచుకోవడం అంటే కదిలే స్వేచ్ఛను వదులుకుని అందాన్ని తీసుకోవడం. అది తప్పు కాదు, కానీ తెలిసి చేయాలి. మబ్బు పడితే పడనీ, ఈ చోట రెండు రోజులు గడపడమే నాకు చాలు అనుకునేవాళ్ళకు గ్రాండ్ టీటన్ లాంటివి సరైనవి. కరోనా చూడటమే ముఖ్యం, మిగతాదంతా అదనం అనుకునేవాళ్ళు పార్కు బయట, నాలుగు దిక్కులా రోడ్లున్న ఊళ్ళో దిగడం మంచిది.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ నాలుగు వందలకు పైగా ప్రదేశాల్ని చూసుకుంటుంది. వాటిలో "నేషనల్ పార్క్" అనే పేరున్నవి 63 మాత్రమే. మిగతావి స్మారక ప్రదేశాలు, శిలాజ క్షేత్రాలు, నదీ తీరాలు. 2017 పథంలో నెబ్రాస్కాలోని అగేట్ ఫాసిల్ బెడ్స్, ఒరెగన్‌లోని జాన్ డే ఫాసిల్ బెడ్స్ ఉన్నాయి. మామూలు రోజుల్లో జనం పెద్దగా పోని, చుట్టూ విశాలమైన ఆకాశం ఉన్న చోట్లు. 2024లో పథం లోపలికి వచ్చిన "నేషనల్ పార్కులు" రెండే: అర్కాన్సాలోని హాట్ స్ప్రింగ్స్, ఒహాయోలోని కయహోగా వ్యాలీ. రెంటికీ పోస్టర్ల మీద వేసేంత శిఖరాలు లేవు. హాట్ స్ప్రింగ్స్ ఊళ్ళోనే కలిసిపోయిన చిన్న పార్కు, అక్కడ మూడున్నర నిమిషాలకు పైగా చీకటి. కయహోగా వ్యాలీ క్లీవ్‌లాండ్, ఆక్రన్ నగరాల మధ్య ఉంది, పార్కు ఉత్తర కొసకూ దక్షిణ కొసకూ చీకటి సమయంలో అర నిమిషానికి పైగా తేడా వచ్చింది. చుట్టూ హైవేలు, బోలెడు దారులు. గ్రహణం వరకే చూస్తే ఈ రెండూ టీటన్‌కంటే తెలివైన చోట్లు అని నా అభిప్రాయం.

నియమాల సంగతి త్వరగా చెప్పుకోవాలి. పార్కుల్లో రోడ్డు పక్కన కారాపి రాత్రి పడుకోవడం కుదరదు, క్యాంపు స్థలాలు చాలా ముందుగానే నిండిపోతాయి. పక్కనే ఉండే నేషనల్ ఫారెస్ట్ వేరే శాఖ కింద ఉంటుంది, అక్కడ చాలాచోట్ల నిర్ణీత క్యాంపు స్థలం లేకుండానే గుడారం వేసుకోనిస్తారు. డ్రోన్లను పార్కుల్లో 2014 నుంచి నిషేధించారు. గ్రాండ్ టీటన్‌లో ఎలుగుబంట్లు, తోడేళ్ళ నుంచి 91 మీటర్లు, మిగతా జంతువుల నుంచి 23 మీటర్ల దూరం పాటించాలి. చీకట్లో కూడా అదే నియమం. కొన్నిసార్లు గ్రహణం కోసమే ప్రత్యేక ఏర్పాట్లు ఉంటాయి. 2017లో కువోహికి వెళ్ళే రోడ్డును మామూలు వాహనాలకు మూసి, ముందే టికెట్లు తీసుకున్న పరిమిత సంఖ్యలోని జనాన్ని మాత్రమే పైకి పంపారు.

ఎత్తు గురించి కూడా ఒక హెచ్చరిక. 1878 జులై 29 గ్రహణానికి కొలరాడోలోని పైక్స్ పీక్ మీదికి శాస్త్రవేత్తలు వెళ్ళారు. ఆ శిఖరం ఎత్తు 4,302 మీటర్లు. శామ్యూల్ లాంగ్లీ అక్కడి నుంచి కరోనా కిరణాలు అంతకుముందు ఎవరూ అనుకోనంత దూరం చాచి ఉండటం చూశారు. ఆయనతో వెళ్ళిన వాతావరణ శాస్త్రవేత్త క్లీవ్‌లాండ్ ఆబీకి పలుచటి గాలి పడక జబ్బు చేసింది, ఆయన్ని కిందికి మోసుకు రావాల్సి వచ్చింది. ఆబీ కింది వాలు మీద పడుకునే గ్రహణం చూశారు, అక్కడి నుంచి కూడా కరోనా బాగానే కనిపించింది. సంపూర్ణ దశలో ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పడిపోతుంది కాబట్టి కొండ మీద ఆగస్టులో కూడా జాకెట్ కావాలి.

కళ్ళ సంగతి తెలిసిందే అయినా ఒక్క చోట జనం తడబడతారు. పాక్షిక దశ మొత్తానికీ ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణపు కళ్ళద్దాలు తప్పనిసరి, బైనాక్యులర్ వాడితే దాని ముందు భాగాన ఫిల్టర్ ఉండాలి. వజ్రపుటుంగరంలా ఒకే ఒక్క చుక్క వెలిగి ఆరిపోయాక మాత్రం అద్దాలు తీసేయాలి. వాటితో చూస్తే కరోనా అసలు కనిపించదు. అవతలి అంచున మళ్ళీ చుక్క వెలగగానే తిరిగి పెట్టుకోవాలి. పథం అంచుకు దగ్గరగా ఉన్నవాళ్ళకు ఈ వ్యవధి చాలా చిన్నది, కాబట్టి తాము నిలబడ్డ చోటికి సంబంధించిన సమయాలు సెకన్లతో సహా ముందే రాసి పెట్టుకోవాలి. పార్కుల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకూడదు.

2028 జులై 22న ఆస్ట్రేలియాలో ఈ లెక్కలన్నీ మళ్ళీ వేయాల్సి వస్తుంది. పథం వాయవ్యంలోని కింబర్లీ ప్రాంతం నుంచి సిడ్నీ దాకా సాగుతుంది, కింబర్లీలో చీకటి ఐదు నిమిషాలు దాటుతుంది. అక్కడ జులై పొడి కాలం, ఆకాశం దాదాపు ఖాయంగా తేటగా ఉంటుంది. తేనెపట్టుల్లాంటి చారల గుట్టలున్న పూర్ణులులు నేషనల్ పార్క్ ఆ పథంలోనే ఉంది. లోపలికి పోవడానికి 53 కిలోమీటర్ల మట్టి దారి ఒక్కటే, ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం లేనిదే దాని మీద పోలేం. మబ్బుల భయం లేని చోట కదిలే స్వేచ్ఛ అంత అవసరం ఉండదు కాబట్టి, ఈ ఒక్క గ్రహణానికి నేను పార్కు వైపే మొగ్గుతాను, తిరుగు ప్రయాణాన్ని రెండు రోజులు వెనక్కి జరిపి. అమెరికా నేల మీద తర్వాతి సంపూర్ణ గ్రహణం 2033 మార్చి 30న అలాస్కాలో. ఆ పథంలో ఉన్న బేరింగ్ ల్యాండ్ బ్రిడ్జ్ నేషనల్ ప్రిజర్వ్‌కు బయటి నుంచి రోడ్డే లేదు. అక్కడ ట్రాఫిక్ జామ్ అవదు గానీ, మార్చి నెల చలిలో చిన్న విమానంలోనో మంచు బండి మీదో వెళ్ళాలి, సూర్యుడు కూడా దిగంతానికి దగ్గరగానే ఉంటాడు.